మినుములో పల్లాకు, మారుకా: సాగులో ఏం మార్చాలి?

ప్రశ్న: రబీ మెట్టలో 2 ఎకరాల మినుము వేస్తున్నాం. ఎకరాకు 12 కిలోల విత్తనం వెదజల్లి, దుక్కిలో బస్తా డీఏపీ, 20 రోజులకు పావు బస్తా యూరియా వేయడం అలవాటు. ముందు ఆకులు పసుపుబడే పల్లాకు తెగులు, తర్వాత పూతలో గూళ్లు కట్టే మారుకా పురుగు. మూడు మందులు కొట్టినా పురుగు ఆగడం లేదు. గట్ల మీద కంది వేస్తే ఏమైనా మేలా?

జవాబు 1: 12 కిలోలు చాలా ఎక్కువండీ. 16 కిలోల లెక్క వరి కోతకు ముందు మాగాణిలో చల్లే మినుముది, మీది కాదు. మెట్టకు 8 కిలోలు చాలు, గొర్రుతో వేయండి: సాళ్ల మధ్య 30 సెం.మీ., మొక్కల మధ్య 10. గుబురైతే లోపల గాలాడక తేమ నిలుస్తుంది, మారుకాకు కావలసింది అదే. మందు కూడా పై ఆకుల మీదే ఆగిపోతుంది.

యూరియా పూర్తిగా మానేయండి. 50 కిలోల డీఏపీలోనే 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉన్నాయి; ఎకరా మినుముకు కావలసింది 8, 20. పైన వేసే యూరియాతో ఆకు లేతబడి తెల్లదోమ చేరుతుంది, పూత విడతలుగా సాగుతుంది. పూత ఎన్నాళ్లు సాగితే పురుగుకు అన్నాళ్లు మేత.

జవాబు 2: పల్లాకు తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, సోకాక మందు లేదు. ఆ దోమ నుంచి మొదటి నెల కాపాడుకోవడమే దారి. తట్టుకునే టీబీజీ 104 లాంటి రకం తీసుకోండి. కిలో విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ 5 మి.లీ. పట్టించి నీడలో ఆరాక, రైజోబియం (వేళ్లలో నత్రజని నిలిపే మేలు బ్యాక్టీరియా పొడి) చివరగా పట్టించి అదే రోజు విత్తాలి. దోమకు అడ్డుగా పొలం చుట్టూ 4 వరుసల జొన్న వేయండి, అదీ మినుము కన్నా ముందే. తొలి పసుపు మొక్కలు కనబడగానే పీకేయాలి; సగం చేను పసుపుబడ్డాక పీకి లాభం లేదు. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిథ్రాయిడ్లు పదేపదే కొడితే తెల్లదోమ ఇంకా ఉద్ధృతమవుతుంది. దయచేసి వాటి జోలికి పోకండి.

జవాబు 3: మూడు మందులూ గూళ్లు కనబడ్డాకే కొట్టి ఉంటారు. అప్పటికి పురుగు పూలను, ఆకులను అల్లుకుని లోపల ఉంటుంది, మందు తగలదు. తల్లి రెక్కల పురుగు గుడ్లు పెట్టేది మొగ్గల మీద, కాబట్టి పని మొగ్గ దశలోనే మొదలవ్వాలి. 10 కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడకట్టి, 200 లీటర్లకు పెంచి, 200 గ్రాముల సబ్బుపొడి కలిపి సాయంత్రం కొట్టండి. ఆ తర్వాత రోజు విడిచి రోజు పూలు విప్పి చూడండి. పిల్ల పురుగులు కనబడితే లీటరుకు 0.3 మి.లీ. క్లోరాంట్రానిలిప్రోల్. రెండోసారి అవసరమైతే మందు మార్చాలి.

కంది వద్దు. మారుకా కంది పూతలోనూ బతుకుతుంది. మినుము కోశాక కూడా కంది పూస్తూనే ఉంటే ఆ పురుగును మీరే పోషించినట్టు. అలసంద, చిక్కుడు కూడా అంతే. గట్టుకు జొన్నే సరి.