మావాడికి ‘ఊటబావి’ అని పేరు పెట్టి ఏడిపిస్తున్నారు. ఏడిపించేది మా ఇంటి ఓనరు మనవడే. ఏం చేయాలి?

టైలరక్క, అనంతపురం:

అందరికీ నమస్తే. మేం అనంతపురంలో బాడుగకుంటాం. సొంతూరు మడకశిర దగ్గర పల్లె. జిల్లాలు విడదీశాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ ఎవరైనా అడిగితే నా నోటికి ఇప్పటికీ అనంతపురం జిల్లా అనే వస్తుంది. కర్ణాటక పక్కనే కాబట్టి మా ఇళ్లల్లో సగం తెలుగు, సగం కన్నడ. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన లారీ డ్రైవరు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప.

మావాడు ఏడో తరగతి. అయిదు దాకా మా అత్త దగ్గరే పెరిగాడు, ఆమెను అజ్జీ అంటాడు. పోయినేడాది ఇక్కడ ప్రైవేటు స్కూల్లో చేర్చాం. ఈ జూన్‌లో స్కూలు తెరిచిన కొత్తలో మధ్యాహ్నం క్లాసుకు లేటుగా పోయాడంట. సారు ‘తిన్నావా రా’ అని అడిగితే ‘ఊట అయింది సార్’ అన్నాడంట. కన్నడలో ఊట అంటే భోజనం. క్లాసంతా ఒకటే నవ్వు. సారు కూడా నవ్వి, ‘యాడరా ఊట, బావిలోనా?’ అన్నాడంట. ఆ రోజు నుంచి వీడి పేరు ఊటబావి.

పేరుతో పోయుంటే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. వీడు జవాబు చెప్పడానికి లేచి నిలబడితే వెనక నుంచి బెంచీ మీద నీళ్లు పోస్తారు. కూర్చోగానే ప్యాంటు తడుస్తుంది. ‘ఊట ఊరింది రోయ్’ అని అరుపులు. వారంలో మూడుసార్లు ప్యాంటు వెనక మాత్రమే తడిసి ఆరిన మరక కనిపించింది. కుట్టుపని చేసేదాన్ని, బట్టలో తేడా కనిపెట్టాను గానీ కారణం కనిపెట్టలేకపోయాను. ఇంత పెద్దోడివై ప్యాంటులో పోసుకుంటావా అని తిట్టాను కూడా. వాడు నోరు తెరవలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ మిషను మీద చెయ్యి ఆగిపోతుంది.

ఇప్పుడు వ్యాన్ ఎక్కనంటాడు, నడిచి పోతానంటాడు. సోమవారం పొద్దున కడుపునొప్పి ఖాయం. వాడి ఫొటోకి బావి గిలక తగిలించి వాట్సాప్ స్టిక్కరు చేశారు. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకామె కూతురు నాకు చూపించింది.

అసలు చిక్కు ఇదీ. దీనికంతా ముందుండేది మా ఇంటి ఓనరు మనవడు. అదే క్లాసు, అదే కాంపౌండు. వాళ్లు కింద, మేం పైన. ఓనరమ్మ మంచిదే, నాకు సగం గిరాకీ ఆమె చెప్తేనే వచ్చింది. స్కూల్లో చెప్తే ఇంట్లో గొడవ, ఇంట్లో చెప్తే ఇల్లు ఖాళీ చేయమంటారేమో. మా ఆయనకు ఫోన్లో చెప్తే ‘తిరిగి రెండు పీకమను’ అని పెట్టేశాడు. నాకు రాత్రిపూట టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరికైనా ఇట్లాంటిది జరిగిందా?

బుల్లెట్ బాబు, కర్నూలు:

మీ ఆయన చెప్పిందే కరెక్టు అక్కా. ఒక్కసారి గట్టిగా తగిలిస్తే మళ్లీ జోలికి రాడు. మేమంతా కొండారెడ్డి బురుజు దగ్గర అట్లాగే పెరిగాం.

టైలరక్క, అనంతపురం:

తమ్ముడూ, మావాడి బరువు ముప్పై కిలోలు. అవతల అయిదుగురు.

పాత పంతులు, కడప:

అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ముందు నా తప్పొకటి చెప్తాను. ఇట్లాంటి కేసే వచ్చింది. ఇద్దర్నీ ప్రేయర్‌లో అందరి ముందు నిలబెట్టి, చేతులు కలపమని చెప్పి, సమస్య తీరిపోయిందనుకున్నాను. సాయంత్రం గేటు బయట ఆ పిల్లోణ్ణి మళ్లీ కొట్టారు, ఈసారి ‘సార్‌కు చెప్తావా’ అని. వారం తర్వాత వాడు బడికి రావడం మానేశాడు. కాబట్టి స్కూలువాళ్లు ‘ఇద్దర్నీ పిలిచి రాజీ చేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. రాజీ అనేది సమానమైనవాళ్ల మధ్య. అయిదుగురికీ ఒకడికీ మధ్య రాజీ ఏముంటుంది?

రెండోది, నోటిమాటగా చెప్పొద్దు. నోటిమాట స్టాఫ్ రూములో టీ తాగేలోపు ఆవిరైపోతుంది. తెల్లకాగితం మీద ఏ తేదీ, ఏ పీరియడు, ఎవరు, ఏం చేశారు అని రాయండి. తిట్లు, బాధ రాయొద్దు, జరిగింది రాయండి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. స్టాంపు అడగ్గానే హెడ్‌మాస్టరు గొంతు మారుతుంది, చూడండి. నా గొంతూ మారేది.

ఏం కావాలో కూడా రాయండి. ‘చర్య తీసుకోండి’ అంటే ఆ పిల్లోణ్ణి నాలుగు దెబ్బలు కొడతారు, ఆ కోపం మీవాడి మీదకే వస్తుంది. మీవాడి సీటు కాదు, వెనక బెంచీవాళ్ల సీట్లు మార్చమనండి. మీవాడి సీటు మారిస్తే వాడే తప్పు చేసినట్టుంటుంది. పీరియడుకూ పీరియడుకూ మధ్య క్లాసులో ఎవరుంటారు, వ్యాన్లో పెద్దవాళ్లు ఎవరుంటారు అని అడగండి. ఈ పనులన్నీ జరిగేది టీచరు లేని ఆ అయిదు నిమిషాల్లో, వ్యాన్ చివరి సీట్లలో, బాత్రూముల దగ్గర.

ఇంకొకటి. ఫిన్లాండులో తుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు కీవా అని ఒక పద్ధతి తయారుచేశారు. అందులో ఏడిపించేవాడి కన్నా చుట్టూ చేరి నవ్వేవాళ్ల మీదే దృష్టి ఎక్కువ. నవ్వేవాళ్లు తగ్గితే ఆట సాగదు కదా. మన పల్లెల్లో దొమ్మరాట చూసినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు, జనం లేకుంటే డప్పు ఆగిపోతుంది. మీకు స్టిక్కరు చూపించిన ఆ అమ్మాయి ఉంది చూడండి, ఆమెలాంటి ఇద్దరు ముగ్గురు క్లాసులో ఉంటారు. వాళ్ల పక్కన సీటు ఇమ్మనండి.

ఆ సారు నవ్వకుండా ఉండాల్సింది. పంతులు నవ్వాడంటే పిల్లలకు పర్మిట్ దొరికినట్టే.

నల్లకోటు, కర్నూలు:

పంతులు గారు చెప్పిన చివరిమాట దగ్గర నాదొక మాట. విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ చూడండి. బడిలో పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు, ప్రైవేటు స్కూళ్లకు కూడా వర్తిస్తుంది. సారు ఒక్కసారి నవ్వినందుకు ఆయన ఉద్యోగం మీదకు పోనక్కర్లేదు, కానీ మీ కాగితంలో ‘ఈ పేరు క్లాసులో ఇట్లా మొదలైంది’ అని ఒక్క వాక్యం ఉండనివ్వండి. స్కూలు ‘పిల్లల గొడవ, మాకేం సంబంధం’ అనలేదు.

పది రోజుల్లో కదలిక లేకుంటే అదే కాగితం కాపీ మండల విద్యాశాఖాధికారికి, ఆ పైన జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈఓకి) ఇవ్వండి. మీది సీబీఎస్‌ఈ స్కూలైతే ఏడిపించడాన్ని అడ్డుకోవడానికి కమిటీ వేయమని బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది, అందులో ఎవరున్నారో అడగండి. 1098 పిల్లల హెల్ప్‌లైను, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, మీవాడే స్వయంగా చేయొచ్చు. మీ నిద్ర సంగతికి 14416, అది టెలీ మానస్, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైను. తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడకండి.

స్టిక్కరు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఎవరికీ పంపొద్దు, ‘చూడండి ఎంత ఘోరమో’ అని బంధువులకు కూడా. ఇప్పటికి బావి గిలకే కాబట్టి పోలీసుల దాకా నేను పొమ్మనను, అవతలివాళ్లూ పన్నెండేళ్ల పిల్లలే. కానీ రేపు ఎవరైనా బట్టలు లాగి ఫొటో తీస్తే లెక్క వేరు. అది 2012 నాటి పోక్సో చట్టం, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కిందకు రావచ్చు. అట్లాంటి నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోతే స్కూలు పెద్దలు కూడా శిక్షకు అర్హులే.

బుల్లెట్ బాబూ, మీ సలహా వింటే రేపు కాగితం మీద మొదట వచ్చే పేరు టైలరక్క కొడుకుదే.

రాయదుర్గం అబ్బి:

అక్కా, నాదీ అదే భాష. హాస్టల్లో నన్ను రెండేళ్లు ‘బళ్లారి బస్సు’ అన్నారు. నాకు ఏ సారూ ఏమీ చేయలేదు. పైక్లాసు అన్న ఒకాయన రోజూ తన ప్లేటు తెచ్చుకుని నా పక్కన కూర్చుని తినేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు, తినేవాడు, పోయేవాడు. నెలకల్లా ఆ పేరు పోయింది. ఒక్కటే అడుగుతాను, మీవాడి చేత ఊట అనడం, అజ్జీ అనడం మాన్పించొద్దు. మా అమ్మ మాన్పించింది. ఇప్పుడు అజ్జితో ఫోన్లో మాట్లాడాలంటే నాకే మాట తడబడుతుంది.

టైలరక్క, అనంతపురం (పదహారు రోజుల తర్వాత):

అందరికీ చాలా థ్యాంక్స్. పంతులుగారూ, మీరు చెప్పినట్టే జరిగింది. హెడ్‌మాస్టరు మొదట ‘పిల్లలన్నాక ఇవన్నీ మామూలేనమ్మా’ అన్నాడు. రెండో కాపీ తీసి స్టాంపు అడిగితే ‘కూర్చోండి మేడం’ అన్నాడు. అప్పటిదాకా నిలబడే ఉన్నాను. ఇద్దర్నీ పిలిపిస్తానంటే వద్దన్నాను. వెనక బెంచీవాళ్లను విడదీసి తలో మూల వేశారు. ఆ సారు మావాణ్ణి పక్కకు పిలిచి ‘ఏదో సరదాకన్నాను రా’ అన్నాడంట. సారీ అయితే కాదు గానీ, మరుసటి రోజు ఎవడో ఊటబావి అంటే ఆ సారే గదిమాడంట.

నీళ్లు పోయడం ఆగింది. పేరు పూర్తిగా పోలేదు. వ్యాన్ సంగతి ఇంకా తేలలేదు, డ్రైవరు తప్ప పెద్దవాళ్లెవరూ ఉండరంట, రెండో కాగితం రాస్తున్నాను. పోయిన సోమవారం కడుపునొప్పి లేదు, నిన్నటి సోమవారం మళ్లీ వచ్చింది. ప్యాంటు సంగతి తిట్టినందుకు తప్పయింది నాయనా అన్నాను వాడితో. ‘పోనీలే అమ్మా’ అని టీవీ వైపు తిరిగాడు.

ఓనరమ్మ కింద నుంచి చూసి తల తిప్పుకుంటోంది. ఎనిమిదింటి దాకా వేసే నీళ్ల మోటారు ఇప్పుడు ఆరింటికే కట్టేస్తున్నారు. కొత్తగా బ్లౌజులు రావడం లేదు. ఖాళీ చేయమని నోటితో అనలేదు. అనేదాకా ఎందుకుండాలని మా ఆయనా నేనూ అనుకున్నాం. సాయినగర్, రాంనగర్ వైపు ఆరువేల లోపు రెండు గదుల ఇల్లు ఏదైనా ఖాళీగా ఉంటే చెప్పండి. కుట్టుమిషను వరండాలో పెట్టుకోనిస్తే చాలు. స్కూలు మాత్రం మార్చం, మార్చొద్దని వాడే అన్నాడు.