వంశధార పేరుతో డొమైన్ కొంటే ట్రేడ్‌మార్క్ గొడవ వస్తుందా?

పలాస_పిక్క:
పలాసలో మాది చిన్న జీడిపప్పు యూనిట్. 2016 నుంచి "వంశధార" పేరు ముద్రించిన అరకిలో, కిలో పేకెట్లు అమ్ముతున్నాం. ట్రేడ్‌మార్క్ చేయించలేదు. వెబ్‌సైటు కోసం చూస్తే వంశధారకాజు డాట్ కామ్ ఖాళీగానే ఉంది. అది కుదరకపోతే పలాసకాజు డాట్ ఇన్ అనుకుంటున్నాం. ఆ పేరు మీద ఇంకెవరికైనా హక్కుంటే నోటీసులొస్తాయంటున్నారు. ఖాళీగా ఉన్నది డబ్బిచ్చి కొంటే గొడవేటండి? కొనేముందు ఏటేటి చూసుకోవాలి?

మార్కులమాట:
ఖాళీ అంటే ఆ అక్షరాల వరస ఇంకా ఎవరూ తీసుకోలేదని, అంతే. డొమైన్లు అమ్మే కంపెనీలు, అంటే రిజిస్ట్రార్లు, ట్రేడ్‌మార్కుల జోలికి పోరు. పైగా "దీనివల్ల ఎవరి హక్కులకీ భంగం లేదు" అని మీ చేతే ఒప్పిస్తారు, చదవకుండా టిక్ కొట్టేస్తాం చూడండి, ఆ ఒప్పందంలో. డొమైన్ పేరుకీ ట్రేడ్‌మార్కు లక్షణాలు ఉండొచ్చని, ఒకరి పేరు ఇంకొకరు వాడుకుంటే పాసింగ్ ఆఫ్ (తన సరుకుని ఇంకొకరిదన్నట్టు నమ్మించి అమ్మడం) దావా నడుస్తుందని 2004లోనే సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందు ఐపీ ఇండియా (ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ ఆఫీసు) సైట్లో పబ్లిక్ సెర్చ్ చెయ్యండి, ఉచితమే. అక్షరాల్ని బట్టి వెతికే వర్డ్‌మార్క్ సెర్చ్ ఒక్కటీ చూసి లేచిపోవద్దు. మన పేర్లని ఇంగ్లీషులో తలో రకంగా రాస్తారు: వంశధారలో సున్నాకి ఒకడు ఎమ్ పెడతాడు, ఒకడు ఎన్ పెడతాడు, ఇంకొకడు ఎస్ పక్కన హెచ్ తగిలిస్తాడు. పలికే తీరుని బట్టి వెతికే ఫొనెటిక్ సెర్చ్‌లో అయితే ఇవి దొరికే అవకాశం ఎక్కువ. అయినా నాలుగైదు స్పెల్లింగులు చేత్తో కూడా కొట్టి చూడండి. ట్రేడ్‌మార్కుల్లో సరుకుల్ని, సేవల్ని క్లాసులుగా విడగొడతారు. క్లాసు 29లో వేయించిన, ఉప్పుకారం పట్టించిన పప్పు. 31లో పచ్చి జీడిపిక్కలు. 30లో జీడిపప్పు పాకం లాంటి మిఠాయిలు. అమ్మకాల సేవ, అంటే ఆన్‌లైన్ కొట్టు, 35లో. ఈ నాలుగూ చూడాలి.

ఫలితాల్లో "అబాండన్డ్" అని కనిపిస్తే సంబరపడకండి. దరఖాస్తు వదిలేసినా సరుకు అమ్ముతూనే ఉండొచ్చు, అలాంటివాడు పాసింగ్ ఆఫ్ కింద రాగలడు. అదే పేరు సిమెంటుకో పైపులకో ఉంటే మీకు భయం తక్కువే, బాగా పేరుమోసిన మార్కైతే తప్ప.

కోర్టుదారి:
2016 అన్నారు కదా, మీ బలమంతా అందులోనే ఉంది. ట్రేడ్‌మార్క్స్ చట్టం 34వ సెక్షన్ ముందునుంచీ వాడుతున్నవాణ్ని కాపాడుతుంది. కాకపోతే ఎదుటివాడి వాడకం, రిజిస్ట్రేషన్... ఈ రెండిట్లో ఏది ముందైతే దానికంటే ముందు మొదలెట్టి, ఆపకుండా వాడుతుండాలి. నోటిమాట చెల్లదు. ఏడాదికి రెండుమూడైనా ఆ పేరున్న బిల్లులు, కవర్లు అచ్చేసిన ప్రెస్ బిల్లు, ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం తీసి ఉంచండి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు, అంటే టీఎమ్-ఏ ఫారం, ఆన్‌లైన్లో వేస్తే వ్యక్తులకి, చిన్న పరిశ్రమలకి క్లాసుకి 4,500 రూపాయలు. మన దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందకొస్తాయి. ఎప్పట్నుంచి వాడుతున్నారో రాసే చోట "ప్రపోజ్డ్" (ఇకమీదట వాడబోతున్నాం) అని పెట్టేస్తే ఎనిమిదేళ్లకి పైబడిన వాడకం కాగితం మీద పోయినట్టే. తేదీ వేసి, ఆ వాడకం గురించి ప్రమాణపత్రం (యూజర్ అఫిడవిట్) జతచెయ్యండి. ట్రేడ్‌మార్క్ జర్నల్లో పడ్డాక 4 నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు.

పలాసకాజు సంగతి: ఊరి పేరు, సరుకు పేరు కలిపితే దాన్ని గుత్తకి తీసుకోవడం ఎవరికీ సులువు కాదు. మీ మీదకొచ్చేవాడు తక్కువ, కానీ రేపు పక్క కొట్టువాడు పలాసకాజూస్ అని పెడితే మీరూ ఆపలేరు. బుడితి ఇత్తడి, బొబ్బిలి వీణ వేరే సంగతి, వాటికి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది. వేరేచోట చేసిన సరుక్కి ఆ పేరు తగిలిస్తే జీఐ చట్టమే పట్టుకుంటుంది.

పలాస_పిక్క:
సరేనండి. ఒకవేళ కొన్నాక నోటీసొస్తే?

మార్కులమాట:
డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ, అంటే కోర్టు బయట డొమైన్ తగాదాలు తేల్చే పద్ధతి. ఫిర్యాదుదారు మూడూ రుజువు చెయ్యాలి: పేరు తన మార్కుని పోలి ఉందని, మీకు న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో కొని దురుద్దేశంతోనే వాడుతున్నారని. డాట్ ఇన్‌కి అలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ. అక్కడ కొనడంలోగాని వాడడంలోగాని, ఏ ఒక్కదాంట్లో దురుద్దేశం తేలినా చాలు. చాలామంది గమనించని తేడా ఇదే. యూడీఆర్‌పీలో జవాబుకి 20 రోజులు. ఊరుకుంటే ఎదుటివాడి కాగితాలే చూసి తేలుస్తారు. నష్టపరిహారం వెయ్యరు, డొమైన్ బదిలీ చేస్తారు లేదా రద్దు చేస్తారు. పరిహారం కోసమైతే వాళ్లు కోర్టుకెళ్లాలి.

లాయర్ లెటర్ రాగానే "రెండు లక్షలిస్తే వదిలేస్తాం" అని మెయిల్ కొట్టకండి. ఖర్చుకి మించి బేరం పెట్టడం దురుద్దేశానికి సాక్ష్యంగా చూపిస్తారు.

కోర్టుదారి:
ఇంకోటి. సైటు తయారయ్యేలోపు చాలా రిజిస్ట్రార్లు ఖాళీ డొమైన్లో తాత్కాలికంగా ఒక పార్కింగ్ పేజీ పెట్టి యాడ్లు నడుపుతారు. మీ డొమైన్లో వేరే కంపెనీ జీడిపప్పు యాడ్ వచ్చిందంటే, ఆ డబ్బు మీకు రాకపోయినా, స్క్రీన్‌షాట్ తీసి మీ మీదే వాడతారు. కొన్న రోజే దాన్ని ఆపేసి, మీ పేకెట్ ఫొటో, చిరునామాతో ఒక పేజీ పెట్టెయ్యండి. రిజిస్ట్రెంట్ (డొమైన్ యజమాని) వివరాల్లో వెబ్‌సైటు చేసే కుర్రాడి పేరు, మెయిల్ కాకుండా మీవే ఉండాలి. నోటీసు వచ్చేది ఆ మెయిల్‌కే.