చాక్లెట్ ఫాండ్యూలో క్రీమ్ పడి తీరాలా? వదినకీ నాకూ తేలట్లేదు

తీపిపిచ్చి:
ఈ ఆదివారం ఇంట్లో ఎనిమిది మందికి చాక్లెట్ ఫాండ్యూ, అదే, కరిగించిన వేడి చాక్లెట్ లో పండ్లూ కేకూ ముంచుకుని తినేది, పెడదామనుకుంటున్నాం. గిన్నె, పొడుగు ఫోర్కులు అన్నీ రెడీ, గొడవ ఒక్కటే మిగిలింది. మా వదినేమో చాక్లెట్ కరిగించి చెంచాడు నూనె కలిపితే చాలు, క్రీమ్ పోస్తే చాక్లెట్ రుచి చచ్చిపోతుంది అంటుంది. నేనేమో క్రీమ్ లేనిది ఫాండ్యూనే కాదు, ఉత్త కరిగిన చాక్లెట్, కాసేపట్లో గిన్నెలోనే బిగుసుకుపోతుంది అంటున్నా. తెలిసినవాళ్ళు తేల్చండి. "రెండూ బాగుంటాయి" అనే సమాధానం మాత్రం వద్దు, అది ఆల్రెడీ మా అన్నయ్య చెప్పేసి టీవీ ముందు కూర్చున్నాడు.

వంటింటిలెక్క:
క్రీమే, డౌట్ లేదు. చాక్లెట్ లో ఉండే కొవ్వు, అదే కోకో బటర్, కరిగేది 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడి కన్నా తక్కువలోనే. అందుకే నోట్లో అంత హాయిగా కరుగుతుంది, అందుకే గిన్నె కాస్త చల్లబడగానే మళ్ళీ చిక్కబడిపోతుంది కూడా. క్రీమ్ కలిపినది అలా కాదు, చల్లారినా మెత్తగానే ఉంటుంది, ముంచడానికి వీలుగా ఉంటుంది. డార్క్ చాక్లెట్ 200 గ్రాములకి క్రీమ్ 150 నుంచి 180 మి.లీ. పెట్టుకోండి.

క్రీమ్ ని అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడి చేసి దించేసి, సన్నగా తరిగిన చాక్లెట్ మీద పోసి రెండు నిమిషాలు అస్సలు కదపకుండా వదిలెయ్యాలి. తర్వాత మధ్యలో మొదలుపెట్టి చిన్నచిన్న చుట్లు తిప్పుతూ అంచులకి రావాలి. మొదట్లో విరిగిన పాలలాగ మచ్చలుమచ్చలుగా కనిపిస్తుంది, కంగారుపడి గబగబా గిలక్కొట్టకండి, కాసేపటికి మధ్యలో నిగనిగలాడుతూ ఒక చిన్న వలయం వస్తుంది, అదే పెద్దదవుతూ మొత్తం గిన్నెని కలిపేసుకుంటుంది.

నూనెచుక్క:
నేను వదిన గారి పార్టీ 😄 ఫంక్షన్లలో చాక్లెట్ ఫౌంటెన్ చూశారు కదా, అందులో క్రీమ్ పొయ్యరు, కోకో బటర్ ఎక్కువుండే చాక్లెట్ వాడతారు లేదా వాసన లేని నూనె కలుపుతారు. 200 గ్రాములకి రెండు మూడు టీస్పూన్ల నూనె వేస్తే ధార కట్టేంత పల్చన అవుతుంది. పైగా స్ట్రాబెర్రీ ముంచి తీశాక పైన పల్చటి పొర ఏర్పడి కొరికితే పటుక్కుమంటుంది చూడండి, ఆ సుఖం క్రీమ్ తో రమ్మంటే వస్తుందా? క్రీమ్ ఫాండ్యూ ప్లేట్ మీదా గడ్డం మీదా చొక్కా మీదా కారుతూనే ఉంటుంది.

వంటింటిలెక్క:
నూనెచుక్క గారూ, ఫౌంటెన్ కి కింద హీటర్ ఉంటుంది, మోటారు ఆపకుండా తిప్పుతూనే ఉంటుంది. ఇంట్లో గిన్నె కింద ఉండేది బుల్లి కొవ్వొత్తి, తిప్పేది ఎవరికి గుర్తొస్తే వాళ్ళు. రెండింటికీ పోలికేంటండీ. ఇంకోటి, ఆ పటుకు రావాలంటే పండు చల్లగా ఉండాలి, చల్లటి పండ్లు ఒకటి తర్వాత ఒకటి ముంచుతుంటే గిన్నెలో చాక్లెట్ చిక్కబడకుండా ఎలా ఉంటుంది?

చేదుప్రియ:
మీరిద్దరూ కొట్టుకోండి, నేను మూడో మాట చెప్తా. నీళ్ళు. ఉత్త వేడినీళ్ళు. మంచి డార్క్ చాక్లెట్ కొని అందులో అంత పాల కొవ్వు పోసి చేదునీ పుల్లదనాన్నీ కప్పెట్టేసి, ఆ తర్వాత "ఈ చాక్లెట్ ఏం స్పెషల్ గా లేదే" అనడం ఏం న్యాయం? 200 గ్రాములకి 110 - 120 మి.లీ. మరిగే నీళ్ళు పోసి కలిపి చూడండి, రుచి ఎంత సూటిగా తగులుతుందో.

ఊరికేచదివేవాడు:
ఆగండాగండి. చుక్క నీళ్ళు పడితేనే చాక్లెట్ ముద్ద కట్టేస్తుంది, తడి గరిటె కూడా పెట్టొద్దు అని ప్రతి వంట వీడియోలోనూ అరుస్తారు కదా, మీరేమో గ్లాసుడు పొయ్యమంటారేంటి బాబూ

చేదుప్రియ:
అందరూ ఇక్కడే పొరపడతారు అన్నా. చాక్లెట్ అంటే కొవ్వులో తేలే పంచదార, కోకో పొడి రేణువులు, అంతే, నీళ్ళు దాదాపు ఉండవు. చుక్క పడితే ఆ చుక్క పంచదారని తడిపి జిగురు చేస్తుంది, ఆ జిగురుకి రేణువులన్నీ అతుక్కుని గట్టి ముద్ద అయి కూర్చుంటుంది. అదే నీళ్ళు సరిపడా పోస్తే పంచదార పూర్తిగా కరిగిపోతుంది, అతుక్కోవడానికి ఇంక ఏముంది? కొవ్వు ఆ నీళ్ళలో సన్నటి బిందువులుగా విడిపోయి నున్నటి సాస్ అవుతుంది. 100 గ్రాములకి కనీసం రెండు టేబుల్ స్పూన్లు, అంటే 30 మి.లీ. దాటాలి, కోకో శాతం ఎక్కువున్న చాక్లెట్ అయితే ఇంకా ఎక్కువ కావాలి. అంటే డేంజర్ చుక్కతోనే, గ్లాసుతో కాదు.

అసలు విషయం ఏంటంటే మీరు పోసే 35 శాతం కొవ్వున్న క్రీమ్ లో సగానికి పైగా నీళ్ళే. పాలయితే 87 శాతం నీళ్ళు. క్రీమ్ పోసినవాళ్ళంతా తెలియకుండా నీళ్ళే పోస్తున్నారు, ఒప్పుకోరు అంతే.

వంటింటిలెక్క:
నీళ్ళ లెక్క కరెక్టే, కాదనను. కానీ నీళ్ళతో చేసినది నిలవదు మేడమ్. క్రీమ్ లో పాల ప్రోటీన్లు ఉంటాయి, అవి కొవ్వు బిందువుల్ని విడిపోకుండా పట్టుకుంటాయి. నీళ్ళతో చేస్తే ఆ పని చాక్లెట్ లో ఉన్న కాస్త లెసిథిన్ (కొవ్వునీ నీళ్ళనీ కలిపి ఉంచే పదార్థం), కోకో రేణువులు మాత్రమే చెయ్యాలి, కింద వేడి తగులుతూ గంట కూర్చుంటే అంచుల్లో నూనె తేలుతుంది. వంట శాస్త్రం రాసే ఎర్వే తీస్ నీళ్ళూ చాక్లెటూ కలిపి గిలక్కొట్టి చాక్లెట్ శాంతియీ చేసి చూపించాడు నిజమే, కానీ అది ఐస్ మీద పెట్టి చల్లబరుస్తూ గిలక్కొట్టే నురగ. వేడిగా పెట్టి జనం చుట్టూ కూర్చుని ముంచుకునేది కాదు.

చేదుప్రియ:
నేను ఆయన పేరే ఎత్తలేదు, మీరే తెచ్చి మీరే కొట్టేశారు 🙂 అయినా గంటసేపు ఎవరు ఉంచమన్నారు? తక్కువ తక్కువగా చేసి రెండుసార్లు పొయ్యండి. వేడినీళ్ళు, తరిగిన చాక్లెట్ పక్కన పెట్టుకుంటే రెండో విడతకి మూడు నిమిషాలు పట్టదు. పాలు పడనివాళ్ళకి కూడా ఇదే దారి, లేదంటే కొబ్బరిపాలు, కాకపోతే కొబ్బరి వాసన వస్తుంది.

చరిత్రపురుగు:
"క్రీమ్ లేనిది ఫాండ్యూనే కాదు" అన్నారు కాబట్టి ఒక ముక్క. ఈ చాక్లెట్ ఫాండ్యూ తరతరాల వంటేం కాదు. చీజ్ ఫాండ్యూ స్విట్జర్లాండ్ ది, పాతది. చాక్లెట్ ది మాత్రం 1960ల మధ్యలో న్యూయార్క్ లో షాలే స్విస్ అనే రెస్టారెంట్ నడిపిన కొన్రాడ్ ఎగ్లీ, టోబ్లరోన్ అనే స్విస్ చాక్లెట్ ప్రచారం కోసం పెట్టిన డెజర్ట్. టోబ్లరోన్ ఫాండ్యూ రెసిపీల్లో మామూలుగా క్రీమ్ తో పాటు చెర్రీల మద్యం కిర్ష్ కూడా కనిపిస్తుంది, కాబట్టి అలవాటు ప్రకారం అయితే తీపిపిచ్చి గారిదే గెలుపు. కానీ అడ్వర్టైజ్‌మెంట్ కోసం పుట్టినదానికి ఇదే శాస్త్రం అని గీత గియ్యడం నాకైతే నవ్వొస్తుంది.

వదిననేనే:
ఆ వదినని నేనే. లింక్ నాకే పంపి నా మీదే ఓట్లు అడుగుతోంది మా ఆడపడుచు, చూడండి. నేను నూనె అన్నది ఊరికే కాదు. పోయినసారి పక్కింట్లో క్రీమ్ ఫాండ్యూ తిన్నాం, తియ్యటి పాలలో ముంచినట్టుంది, చాక్లెట్ ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది. 200 గ్రాములకి అరలీటరు పోసి ఉంటారు.

తీపిపిచ్చి:
వదినా అది కొలత తప్పు, క్రీమ్ తప్పు కాదు! ఎవరో చేతికొచ్చినంత పోస్తే నా మీద పడతావేంటి. నీ నూనె చాక్లెట్ పిల్లల చేతుల మీద ఎండిపోయి సోఫాకి అంటుకుంటే తుడిచేది ఎవరో అది కూడా చెప్పు మరి.

మంటమాస్టారు:
గిన్నెలో ఏం పొయ్యాలో ఇంతసేపు వాదించుకున్నారు, గిన్నె కింద ఏం పెట్టాలో ఒక్కళ్ళూ అడగలేదు. ఫాండ్యూ చెడేది ఎక్కువగా అక్కడే. చీజ్ కీ, నూనెలో వేయించుకునే మాంసం ఫాండ్యూకీ వాడే జెల్ బర్నర్ చాక్లెట్ కింద పెట్టారంటే అయిపోయినట్టే, అడుగు మాడుతుంది, మాడిన చాక్లెట్ ని దేవుడు కూడా బాగుచెయ్యలేడు. డార్క్ కి 50 డిగ్రీలు దాటనివ్వకండి, మిల్క్, వైట్ చాక్లెట్లకి 45 లోపు, వాటిలో పాలపొడి ఉంటుంది కాబట్టి త్వరగా మాడతాయి. పింగాణీ గిన్నె, కింద ఒక్క టీలైట్, అదే బుల్లి కొవ్వొత్తి, చాలు. అది కూడా మొదటి పది నిమిషాలు వెలిగించకండి, గిన్నె వేడిగానే ఉంటుంది కదా. చిక్కబడుతోంది అనిపించినప్పుడు వెలిగించి, వేడెక్కాక ఆర్పెయ్యండి.

ముందు గిన్నెలో వేడినీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి, పారబోసి, బొట్టు లేకుండా తుడిచి అప్పుడు చాక్లెట్ పోస్తే సగం గొడవలు రావు. కొవ్వొత్తి అసలే వద్దనుకుంటే పెద్ద బేసిన్ లో వేడినీళ్ళు పోసి అందులో గిన్నె కూర్చోపెట్టండి, పిల్లలున్న ఇంట్లో నేనైతే అదే చేస్తా.

నూనెచుక్క:
మాస్టారూ ఇది బావుంది. బేసిన్ పద్ధతి అయితే నా నూనె చాక్లెట్ కూడా గట్టిపడదు కదా, వంటింటిలెక్క గారి అభ్యంతరం ఎగిరిపోయింది 😎

మంటమాస్టారు:
బేసిన్ లో నీళ్ళు చిందితే? మీ నూనె చాక్లెట్ లో ఒక్క చుక్క పడితే చాలు, ముద్దే. క్రీమ్ దాంట్లో నాలుగు చుక్కలు పడ్డా ఏం కాదు, అందులో ఆల్రెడీ నీళ్ళున్నాయి. కడిగి సరిగ్గా తుడవని స్ట్రాబెర్రీ, రసం కారే పైనాపిల్, ఫ్రీజర్ లోంచి తీసిన పండ్లు, ఇవన్నీ ఎనిమిది మంది ముంచుతుంటే గిన్నెలోకి నీళ్ళు వెళ్ళకుండా ఎలా ఆపుతారు? నా ఓటు క్రీమ్ కి పడేది రుచి చూసి కాదు, ఈ తడి చూసి.

చేదుప్రియ:
ఈ పాయింట్ కి నా దగ్గర జవాబు లేదు అనుకుంటున్నారేమో, నీళ్ళ ఫాండ్యూకి కూడా తడి వల్ల ఏం కాదు సార్, చెడేది నూనెదే. మీ లాజిక్ ప్రకారం నాకూ అర ఓటు రావాలి.

ఊరికేచదివేవాడు:
మరి విరిగిపోతే ఏం చెయ్యాలి? అంచుల్లో నూనె తేలి, లోపల ఇసకలా అయితే

వంటింటిలెక్క:
గోరువెచ్చటి పాలు ఒక్కో చెంచా పోస్తూ విస్క్ తో తిప్పండి, మూడు నాలుగు చెంచాల్లో కలిసిపోతుంది. నూనె తేలిందని మళ్ళీ వెన్న వెయ్యకండి, అక్కడ తక్కువైంది కొవ్వు కాదు. ముద్ద కట్టినదానికి కూడా ఇదే మందు. మాడు వాసన వస్తే మాత్రం పారెయ్యడమే.

ఇంకో రెండు ముక్కలు: చాక్లెట్ చిప్స్ వాడకండి, వాటిలో చాలావాటికి కోకో బటర్ తగ్గించి చేస్తారు, బేకింగ్ లో ఆకారం చెదరకుండా, అందుకే కరిగినా మందంగానే ఉంటాయి. బార్ కొని తరగండి. వైట్ చాక్లెట్ అయితే ఈ కొలతలు పనిచెయ్యవు, 200 గ్రాములకి క్రీమ్ 80 మి.లీ. దాటితే నీళ్ళనీళ్ళగా అయిపోతుంది.

తీపిపిచ్చి:
ముంచడానికి ఏమేం పెట్టాలో కూడా ఎవరైనా చెప్పండి, అరటిపండు, స్ట్రాబెర్రీ, కేక్ అనుకున్నాం

నూనెచుక్క:
తీపి మీద తీపి ఎందుకండీ, ఉప్పు బిస్కెట్లు, ప్రెట్జెల్స్ ఏదో ఒకటి పెట్టండి, మొదట అవే అయిపోతాయి చూడండి. కేక్ తాజాది వద్దు, నిన్నటిది కాస్త గట్టిబడినది కావాలి, లేకపోతే ఫోర్క్ కి నిలవక గిన్నెలో పడి పొడిపొడి అవుతుంది. అరటిపండు ఆఖర్న కొయ్యండి, నల్లబడుతుంది. ఆపిల్ కి నిమ్మరసం రాస్తే మళ్ళీ తుడవాలి. నట్స్ వేరే ప్లేట్ లో, వచ్చేవాళ్ళలో ఎవరికైనా పడవేమో ముందే అడగండి. ఇంట్లో కుక్క ఉంటే గిన్నె దానికి అందకుండా చూడండి, చాక్లెట్ వాటికి విషం.

ఊరికేచదివేవాడు:
కొరికిన ముక్కని మళ్ళీ ముంచేవాళ్ళని ఏం చెయ్యాలో కూడా చెప్పండి, మా ఇంట్లో ఒకడున్నాడు

మంటమాస్టారు:
ఎవరి చిన్న కప్పు వాళ్ళకి. పెద్ద గిన్నెలోంచి గరిటెతో పోసుకుని ముంచుకోవాలి. మిగిలింది కూడా శుభ్రంగా ఉంటుంది, మర్నాడు వేడి పాలలో కలిపి తాగొచ్చు.

చేదుప్రియ:
కప్పుల్లో పోసుకుంటే అది ఫాండ్యూ ఎలా అవుతుందండీ, అందరూ ఒకే గిన్నె చుట్టూ కూర్చోవడమే కదా దాని పాయింటు. దీనికి వేరే థ్రెడ్ పెట్టాలి.

వదిననేనే:
సరే, మంటమాస్టారు గారి తడి లెక్క నాకు నచ్చింది, క్రీమ్ కే ఒప్పుకుంటున్నా. 200 కి 150, ఒక్క చుక్క ఎక్కువ పోసినా నేను ముట్టను. చాక్లెట్ 70 శాతంది, నేనే కొంటా. కొవ్వొత్తి నేను చెప్పాకే వెలిగించాలి. ప్రెట్జెల్స్ మీ అన్నయ్యని తెమ్మను, టీవీ ముందు కూర్చుని తీర్పులిస్తే సరిపోదు.

తీపిపిచ్చి:
గెలిచా!! మరి స్ట్రాబెర్రీలు?

వదిననేనే:
అవి నువ్వే కడిగి నువ్వే తుడువు, ఒక్కోటి విడివిడిగా. ముచ్చిక తియ్యకు, పట్టుకోవడానికి ఉంటుంది.