ఎల్‌ఎం317తో లేజర్ డ్రైవర్ కట్టాను, కరెంట్ సరిగ్గానే ఉంది, అయినా రెండు డయోడ్లు పోయాయి

బోరుకాడి పిల్లోడు, కరీంనగర్ జిల్లా

అందరికీ నమస్తే. మా బోరు మోటార్ దగ్గర కాపర్ వైరు రెండుసార్లు కోసుకుపోయారు. అప్పటి నుంచి బాపు రాత్రిళ్లు పొలం కాడనే పడుకుంటున్నాడు. షెడ్డు ముందు ఒక ఎర్ర లేజర్ గీత పెట్టి, అవతల ఎల్‌డీఆర్ (వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే సెన్సర్) ఉంచి, గీత తెగితే ఇంట్లో సైరన్ మోగేలా చేద్దామని మొదలుపెట్టాను. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ రెండో ఏడు.

కోఠి గుజరాతీ గల్లీలో 650 నానోమీటర్ల, 5 మిల్లీవాట్ల లేజర్ డయోడ్లు మూడు కొన్నాను. సర్క్యూట్ ఇది: 12 వోల్టుల అడాప్టర్, ఎల్‌ఎం317 (వోల్టేజీని, కరెంట్‌ను అదుపులో ఉంచే మూడు కాళ్ల ఐసీ), దాని అవుట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య 22 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సిరీస్‌లో 100 ఓమ్‌ల ప్రీసెట్ (తిప్పితే ఓమ్‌లు మారే చిన్న రెసిస్టర్). అడ్జస్ట్ కాలి నుంచి డయోడ్‌కు. డయోడ్‌కు పారలల్‌గా 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్. చివర రెండు క్రొకడైల్ క్లిప్పులు.

ఈ ఐసీ ఆ రెండు కాళ్ల మధ్య ఉంచే 1.25 వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే కరెంట్ వస్తుంది కదా. ముందు క్లిప్పుల మధ్య మల్టీమీటర్ పెట్టి 30 మిల్లీ ఆంపియర్లకు తిప్పాను. మీటర్ తీసేసి క్లిప్పులు డయోడ్‌కు తగిలించాను. మొదటిది ఒక్కసారి తళుక్కుమంది, తర్వాత పాత స్టెబిలైజర్ మీది ఇండికేటర్‌లా మసకగా ఉండిపోయింది. గోడ మీద చుక్క లేదు. రెండోదీ అంతే. మీటర్ పెడితే ఇప్పటికీ 30 చూపిస్తోంది. మూడోది డబ్బాలోంచి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

పాత డీవీడీ మెకానిక్, రాజమండ్రి

తమ్ముడూ, నీ లెక్క తప్పు కాదు, సర్క్యూటూ తప్పు కాదు. తప్పంతా "మీటర్ తీసేసి క్లిప్పులు తగిలించాను" అన్న ఆ ఒక్క మాటలో ఉంది. పవర్ ఆపలేదు కదూ?

మీటర్ ఉన్నంతసేపు కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది. మీటర్ తీసేయగానే ఆ 30 మిల్లీ ఆంపియర్లకు వెళ్లే దారి ఉండదు, అంతా కెపాసిటర్‌లోకే పోతుంది. సెకనులో ముప్పయ్యో వంతు చాలు, అది 10 వోల్టుల దాకా నిండిపోతుంది. డయోడ్‌కు కావలసింది సుమారు 2.2 వోల్టులు. నువ్వు క్లిప్పు ఆనించగానే ఆ నిండిన కెపాసిటర్ మొత్తం దానిలోకి దూకింది. మధ్యలో ఆపడానికి రెసిస్టర్ లేదు. ఎల్‌ఎం317 వెనక ఎంత కాపలా కాసినా లాభం లేదు, దెబ్బ దాని ముందు నుంచి తగిలింది.

డయోడ్ లోపలి చిప్‌కు రెండు చివర్లూ అద్దాల్లా పనిచేస్తాయి. వెలుగు హద్దు మీరితే ఆ అద్దాలు మైక్రోసెకన్లలో కాలిపోతాయి. తర్వాత కరెంట్ మామూలుగానే పోతుంది, వెలుగూ వస్తుంది, కానీ అది లేజర్ కాదు, ఉత్త ఎల్‌ఈడీ. నీకు కనిపించిన మసక వెలుతురు అదే. డీవీడీ ప్లేయర్లు బాగుచేసిన రోజుల్లో నేనూ ఇలా పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మూడోదాన్ని ముట్టుకునే ముందు, లేజర్ బదులు పెట్టి చూసుకోవడానికి దొంగ లోడ్ ఒకటి కట్టు. మూడు 1ఎన్4007 మామూలు డయోడ్లు, ఒక 10 ఓమ్‌ల రెసిస్టర్ వరసగా. రెసిస్టర్ మీద 0.30 వోల్టులు చూపిస్తే 30 మిల్లీ ఆంపియర్లన్నమాట. ప్రీసెట్ ముందు ఎక్కువ ఓమ్‌ల వైపు తిప్పి ఉంచు. ఆ 22 ఓమ్‌లు మాత్రం ఎప్పుడూ తీయకు, అది ఉంటే ప్రీసెట్ సున్నాకి పోయినా కరెంట్ 57 మిల్లీ ఆంపియర్లు దాటదు.

క్లిప్పులు పారెయ్. 100 మైక్రోఫారడ్లది ఐసీ ఇన్‌పుట్ వైపు పెట్టి, డయోడ్ దగ్గర 10 మైక్రోఫారడ్లది చాలు. ఒక 1ఎన్4148 మామూలు డయోడ్‌ను తిరగేసి పారలల్‌గా వెయ్, ఈ లేజర్ డయోడ్లు రివర్స్‌లో 2 వోల్టులకు మించి ఓర్చుకోవు. అన్నీ టంకం వేసి బిగించాకే పవర్. డయోడ్ కాళ్లకు సన్నని రాగి తీగ చుట్టి, టంకం అయ్యాక విప్పు. నీది రెండు పిన్నుల సోల్డరింగ్ ఐరన్ అయితే, బాగా వేడెక్కాక ప్లగ్ పీకేసి ఆ వేడితోనే కాలు అంటించు. మొన లోంచి లీకయ్యే కరెంట్ కూడా దీన్ని చంపుతుంది.

ఫిజిక్స్ ల్యాబ్ మేడమ్, హైదరాబాద్

అన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను కంటి సంగతి చెబుతాను. 5 మిల్లీవాట్లే కదా అని నేరుగా చూడొద్దు. వెలుగుతోందా లేదా అని డయోడ్‌లోకి తొంగిచూడటమే పిల్లలు చేసే మొదటి పని. గోడ మీద తెల్ల కాగితం అంటించి దాని మీద చూడు. డీవీడీ రైటర్ నుంచి పీకిన డయోడ్ మాత్రం పొలంలో పెట్టనే వద్దు, దాని పవర్ దీనికి ఎన్నో రెట్లు. ఇంకోటి, డయోడ్ లోహపు డబ్బా లోపల ఒక కాలికి కలిసే ఉంటుంది. షెడ్డు రేకుకు తగలకుండా ప్లాస్టిక్ మీద బిగించు.

బోరుకాడి పిల్లోడు

అన్నా, మేడమ్, చాలా థాంక్స్. ముందు ఏమీ తగిలించకుండా కెపాసిటర్ మీద మీటర్ పెట్టి చూశాను: 10.4 వోల్టులు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నిన్న రాత్రి మూడోది కట్టాను. ప్రీసెట్ మెల్లగా తిప్పుతుంటే 19 మిల్లీ ఆంపియర్ల దాకా కాగితం మీద పలచని ఎరుపు మాత్రమే. 23 దాటగానే అదే ఎరుపు ఒక్కసారిగా గట్టిపడి చుక్కయింది, చుట్టూ రవ్వరవ్వగా మెరుపు. 28 దగ్గర ఆపేశాను. గంటన్నర వెలిగించాను, ఐసీ గోరువెచ్చగా ఉంది అంతే. బాపుకు చూపించాను. పొలంలో ఎంత ఎత్తులో పెట్టాలంటారు?

పాత డీవీడీ మెకానిక్, రాజమండ్రి

28 బాగుంది, ఇక పెంచకు. మోకాలికి కాస్త పైన పెట్టు, నిలబడ్డవాళ్ల కంటికి అందదు. ఎల్‌డీఆర్‌ను జానెడు నల్ల పైపు లోపల పెట్టి, పైపు మూతి కొంచెం కిందికి వంచు, వాన నీళ్లు నిలవవు. వారానికోసారి సాలెగూడు తుడవమని బాపుకి చెప్పు.