ఐరన్ మాత్రలు మానేసిన గర్భిణిని ఎలా ఒప్పించాలి?

నమస్కారమండీ. శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలంలో, కొండ మీది సవర గూడేల్లో ఆశా కార్యకర్తగా చేస్తున్నాను. ఐదో నెల గర్భిణి ఒకమ్మాయికి హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది. కనీసం 11 ఉండాలి కదా. ఐరన్ మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని, విరేచనం నల్లగా అవుతోందని మానేసింది. ఆ నలుపు మాత్ర వల్లే, భయం లేదని ఎంత చెప్పినా వాళ్ల అత్త వినడం లేదు. తిన్నాక, రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమన్నాను, టీతో మాత్రం వద్దన్నాను.

అమ్మాయి అన్నకి సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) ఉంది. నా టెన్షనంతా అదే. ఐరన్ సుక్రోజ్ (నరంలోకి ఇచ్చే ఐరన్ మందు) ఎక్కించే ముందు ఈమెకూ ఆ పరీక్ష చేయించాలా? రోడ్డుదాకా నడకే, రెండుసార్లు దింపలేం. డాక్టర్లు, నర్సమ్మలు కాస్త చెప్పండి. ఏజెన్సీలో పనిచేసినవాళ్లు ఇలాంటి అత్తల్ని ఎలా ఒప్పించారు?