శివరాత్రి దాటిన దగ్గర్నుంచి ఒకటే నీరసం, మీకూ ఇలాగే ఉందా?

చింతచిగురు:
అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్ళు, హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఉంటాం, ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. చలి పోయి ఎండలు మొదలయ్యే ఈ టైమ్ వచ్చిందంటే చాలు నా పని అయిపోతుంది. జ్వరం లేదు, జలుబు లేదు, కానీ ఒళ్ళంతా ఎవరో పిండి ఆరేసినట్టు ఉంటుంది, పొద్దున్న లేవడమే అలిసిపోయి లేస్తున్నా. మొన్న మూడో క్లాసు నోట్‌బుక్స్ దిద్దుతూ కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే కునుకేసేశా, ఉలిక్కిపడి చూస్తే ఒకడి ఎక్కాల మీద రెడ్ పెన్నుతో ఇంత పొడుగు గీత, పాపం వాడు ఏం తప్పు రాశానా అని తెగ వెతుక్కున్నాడు. మా ఆయన ఎండాకాలం అంటే అంతే అంటారు, మా అత్తయ్య వేడి చేసింది సబ్జా తాగమంటారు, తాగుతూనే ఉన్నా. మెడికల్ షాపులో అడిగి ఓ పది విటమిన్ గోళీలు కూడా వేసుకున్నా, ఏం తేడా తెలీలేదు. ఒంటిపూట బడులు కదా, మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తున్నా, రెస్ట్ ఎక్కువే దొరకాలి మరి, ఎందుకిలా? సీజన్ మారినందుకేనా, టెస్టులేమైనా చేయించుకోవాలా?

గట్టుమీదికాకి:
అక్కా, నీ పోస్టుల నాకు ఒంటిపూట బడి అన్న మాటే కొట్టొచ్చినట్టు కనిపిచ్చింది. రెస్ట్ ఎక్కువ అనుకుంటున్నవ్ గని ఒకపాలి లెక్క జూడు. 8 గంటలకు బడి అంటే ఎన్నింటికి లేస్తున్నవ్? పండుకునేది ఎన్నింటికి? మా ఇంటామె కూడా టీచరే, మార్చి నడుమల ఒంటిపూట మొదలైనంక మా ఇంట్ల ఏటా గిదే కథ, లేచే టైమ్ గంటన్నర ముందటికి జరుగుతది గని పండుకునే టైమ్ మాత్రం జరగదు. ఇంకోటి, మీది పై అంతస్తా? స్లాబ్ పగలంతా ఎండ తాగి రాత్రంతా లోపలికి వదులుతది, ఫ్యాన్ ఆ వేడి గాలినే తిప్పుతది. నిద్ర పట్టకపోతే సబ్జా ఏం చేస్తది పాపం.

గోదారిమావయ్య:
అమ్మాయ్, సీజన్ పని కూడా కొంత ఉందిలే. ఆయుర్వేదంలో దీన్ని ఋతుసంధి అంటారు, పోయే ఋతువులో ఆఖరి 7 రోజులు, వచ్చేదాంట్లో మొదటి 7 రోజులు, ఆ 14 రోజుల్లో పాత అలవాట్లు మెల్లిగా వదిలి కొత్తవి మెల్లిగా పట్టుకోమన్నారు. మనమేమో చలికాలంలో తిన్న తిండే తింటూ, వేడి వేడి టీలే తాగుతూ ఒక్కసారిగా ఎండలోకి దూకుతాం. మా చిన్నప్పుడు పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ, అంతే, మధ్యాహ్నం దాకా ఇంకేం అడిగేవాళ్ళం కాదు. నువ్వు కూడా ఇడ్లీలు మానేసి ఓ పది రోజులు రాగి అంబలి తాగి చూడు, ఉప్పేసుకుని.

ల్యాబ్‌లోపిల్ల:
మావయ్య గారు చెప్పిన 14 రోజులు భలే కలిసింది అండి, ఒళ్ళు ఎండకి అలవాటు పడటానికి మామూలుగా పట్టేది కూడా ఓ వారం నుంచి రెండు వారాలే. ఈలోపు చెమట లేటుగా మొదలవుతుంది, పట్టిన చెమటలో ఉప్పు ఎక్కువ పోతుంది, అలవాటయ్యాక రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, ఉప్పు పోవడం తగ్గుతుంది. అందుకే ఈ రోజుల్లో నీళ్ళతో పాటు ఉప్పేసిన మజ్జిగ మంచిది (బీపీ ఉన్నవాళ్ళు మాత్రం ఉప్పు సంగతి, టాబ్లెట్ల సంగతి డాక్టర్‌ని అడగాలి). కానీ శివరాత్రి నుంచి అంటున్నారు, రెండు వారాలు ఎప్పుడో దాటిపోయింది, కాబట్టి సీజన్ మీద తోసేయకండి. నేను రోజూ రక్తం తీసేదాన్ని, నీరసం అని వచ్చే ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ కనీసం ఉండాల్సిన 12 దాటినవాళ్ళు కనిపిస్తే నాకే ఆశ్చర్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాలు చూసే పరీక్ష), థైరాయిడ్, షుగర్, బీ12 చూపించుకోండి, రిపోర్ట్ డాక్టర్‌కి చూపించాకే మందులు. అన్నట్టు ఎండలో ఎవరైనా అయోమయంగా మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే అది నీరసం కాదు వడదెబ్బ, ఒంటి మీద నీళ్ళు పోస్తూ వెంటనే 108కి ఫోన్ చేయాలి.

సూటిగా_సుత్తిలేకుండా:
మా అమ్మ ఎండలో కూలి పని చేసి మమ్మల్ని పెంచింది, ఏ రోజూ నీరసం అనలేదు. ఇవన్నీ ఏసీ రోగాలు.

గట్టుమీదికాకి:
అన్నా, మా అమ్మ కూడా కూలికే పోయింది. ఎండకాలం ఉపాధి పనికి తెల్లారకముందే పోయి 11 కొట్టకముందే ఇంటికొచ్చి, ఇంత గంజి తాగి, యాప చెట్టు కింద పండుకునేది. అనలేదు అంటే లేదని కాదే.

చింతచిగురు:
వారం తర్వాత వస్తున్నా, సారీ. కాకి తమ్ముడూ, నువ్వన్న లెక్క ఓ కాగితం మీద రాసి చూసుకున్నా, సిగ్గేసింది. 5కి లేస్తున్నా, మాది పై అంతస్తే, నిద్ర పట్టేసరికి 12:30 అవుతోంది, అంటే నాలుగున్నర గంటలు! మధ్యాహ్నం రెస్ట్ అనుకున్నదంతా పిల్లాడి హోంవర్కు, నా పేపర్లు. ఇంకో సంగతి, స్కూల్లో టీచర్ల బాత్రూమ్ దూరం అని అరలీటర్ బాటిల్ కూడా సగం వెనక్కి తెస్తున్నా, ఎన్నేళ్ళుగానో ఇంతే, ఎప్పుడూ ఆలోచించలేదు. సీబీపీ చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6, థైరాయిడ్, షుగర్ నార్మల్, బీ12 రిపోర్ట్ రాలేదింకా. డాక్టర్ ఐరన్ రాశారు, మూడు నెలలు ఆపకుండా వాడమన్నారు.

ల్యాబ్‌లోపిల్ల:
హమ్మయ్య చూపించుకున్నారు. ఐరన్ వేసుకున్నాక గంటా రెండు గంటల దాకా టీ, కాఫీ, పాలు వద్దండి, ఒంటికి పట్టనివ్వవు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే మంచిది. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడి మానేయకండి, చాలామంది అక్కడే ఆపేస్తారు.

గట్టుమీదికాకి:
అక్కా, డాబా మీద సున్నం కొట్టిపియ్యి. తెలంగాణ సర్కారు 2023ల కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, దాంట్ల ఉన్నది కూడా గిదే ముచ్చట, తెల్ల పూత ఎండను ఎనకకు కొడతది. ఓనర్‌ను అడుగు.

చింతచిగురు:
అడిగా, సున్నం ఖర్చు ఆయనది, కొట్టే పని మాది అన్నారు. ఆదివారం పెట్టుకున్నాం. సున్నంలో ఫెవికాల్ కలిపితే వాన దాకా ఆగుతుందంటున్నారు, ఎవరైనా కలిపారా? రెండు పూతలు వెయ్యాలా ఒకటి చాలా? మా ఆయన ఇప్పట్నుంచే నీరసం అంటున్నారు.