బ్రుఖ్ వయొలిన్ కాన్చెర్టో రెండో భాగం: శ్రుతి ఎంత, నడక ఎంత?

మల్కాజిగిరి తంబురా

నమస్కారం. నేను రాంకోఠి కాలేజీలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. మా అమ్మాయి సికింద్రాబాద్‌లో వెస్టర్న్ నేర్చుకుంటోంది. ఇప్పుడు జర్మన్ స్వరకర్త మాక్స్ బ్రుఖ్ మొదటి కాన్చెర్టోలో (ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ వాయించే మూడు భాగాల రచన) రెండో భాగం ఇచ్చారు. అట్ట మీద జీ మైనర్ అని ఉంది కదా అని ఫోన్లో శ్రుతిపెట్టె ఐదుకి (మన లెక్కలో జీ అంటే ఐదు) పెట్టాను. అస్సలు కలవలేదు. "అమ్మా, ముందు అది ఆపెయ్" అని ఒకటే గొడవ. నా చెవికి శంకరాభరణంలా, అంటే వాళ్ల మేజర్‌లా ఉంది, మైనర్ ఛాయే లేదు.

ఇంకోటి, పైన అడాజియో (నెమ్మదిగా అని), పక్కన 3/8 అని ఉంది. మూడు దెబ్బలే కదా అని తాళం వేస్తే పరుగెత్తినట్టు వస్తోంది. నెమ్మదిగా వేస్తే ఒక్కో దెబ్బలో బోలెడు స్వరాలు ఇరుక్కుంటున్నాయి. మాస్టారిని అడగొచ్చు కానీ క్లాసు అరగంటే, మధ్యలో నేను దూరితే పిల్లకి కోపం.

రెండో డెస్కు

మీ చెవి సరిగ్గానే చెప్పిందమ్మా. సినిమా రికార్డింగుల్లో సెకండ్ వయొలిన్ వాయించి రిటైరైన వాణ్ణి, ఈ తికమక మా దగ్గర కొత్తగా చేరిన, కర్ణాటక సంగీతం నేర్చిన ప్రతి కుర్రాడికీ ఉండేది.

అట్ట మీద రాసేది మొదటి భాగం శ్రుతి. అది జీ మైనర్. చివరిది జీ మేజర్. నడిమిది ఈ-ఫ్లాట్ మేజర్, అంటే మన రెండున్నర. పైగా మొదటి భాగానికి బ్రుఖ్ పెట్టిన పేరే 'ఫోర్‌ష్పీల్', పీఠిక అన్నమాట. నన్నడిగితే అసలు కచేరీ నడిమి భాగమే.

ఐదు శ్రుతి నఠభైరవిలో, అంటే జీ మైనర్‌లో, శుద్ధ ధైవతం ఎక్కడుందో అక్కడ కొత్త షడ్జమం పడింది. గ్రహభేదమే (అవే స్వరాలుంచి షడ్జమం మార్చడం) కదా అంటారేమో. అలా చేస్తే కల్యాణి వస్తుంది. ఈయన అందులో మధ్యమాన్ని దించి ఏ-ఫ్లాట్ చేశాడు, అందుకే మీకు శంకరాభరణం వినిపించింది.

మొదటి భాగానికీ దీనికీ మధ్య ఆగడం ఉండదు. ఆర్కెస్ట్రా అంతా తగ్గిపోయి వయొలిన్లు కింద ఒక్క బీ-ఫ్లాట్ పట్టుకుని ఉంటాయి. జీ మైనర్‌కి అది గాంధారం. ఈ-ఫ్లాట్ రాగానే అదే పంచమం. స్వరం కదల్లేదు, కింద షడ్జమం జరిగింది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నాకు ఊపిరి ఆగుతుంది.

రంగు మారడానికి వయొలిన్‌లోనే ఇంకో కారణం ఉంది. మీరు సా-పా-సా-పా కట్టుకుంటారు కాబట్టి ఖాళీ తీగలన్నీ మీ పక్షమే. వాళ్లకి తీగలు జీ, డీ, ఏ, ఈ అని స్థిరం. ఈ-ఫ్లాట్ మేజర్ స్వరాల్లో 'ఏ', 'ఈ' అనే స్వరాలు రెండూ లేవు. ఆ మోగుడు తగ్గి నాదం కాస్త మూసినట్టు, మెత్తగా వస్తుంది. పిల్లకి చూపుడు వేలు నట్ (మెడ చివర తీగలు ఆనే కట్టె) వైపు వెనక్కి లాగాల్సిన చోట్లు ఎక్కువ, అపశ్రుతి వస్తే ముందు అక్కడ చూడండి.

శ్రుతిపెట్టె రెండున్నరకి మార్చినా ఎక్కువసేపు నిలవదు. మధ్యలో షడ్జమం మళ్లీ మళ్లీ కదులుతుంది. పిల్ల ఆపమన్నది న్యాయమే.

చిక్కడపల్లి శ్రోత

వాయించడం రాదు, వినడమే. పై మాటకి ఒక జోడీ. మెండెల్సన్ కాన్చెర్టో ఈ మైనర్, 1845లో లైప్‌జిగ్‌లో మొదటిసారి వాయించారు. అక్కడా ఆగకుండా ఒక్క బసూన్ (ఊదే వాద్యం) 'బీ' పట్టుకుని ఉండి అరమెట్టు పైకెక్కుతుంది, సీ మేజర్ మొదలవుతుంది. పంచమంగా ఉన్నది నిషాదమై షడ్జమం చేరడం. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన బ్రుఖ్‌ది అయితే మెట్టు కూడా ఎక్కదు. చైకోవ్‌స్కీది మాత్రం తిరకాసు: కాన్చెర్టో డీ మేజర్, నెమ్మది భాగం జీ మైనర్, మ్యూట్ (నాదం తగ్గించే బిళ్ల) పెట్టి వాయిస్తారు. మీ ఐదు శ్రుతి అక్కడికి పనికొస్తుంది!

మల్కాజిగిరి తంబురా

గాంధారం పంచమం కావడం రికార్డు పెట్టి విన్నాను. ఒళ్లు జలదరించింది. మరి తాళం సంగతి చెప్పలేదు సార్.

రెండో డెస్కు

అదే రాయబోతున్నా. 3/8 అంటే దెబ్బ క్వేవర్‌కి (ఎనిమిదో వంతు స్వరం) అని. కాగితం మీద చిన్న స్వరంలా కనిపిస్తుంది కాబట్టి చెయ్యి పరుగెడుతుంది. అడాజియో అన్నాడు కాబట్టి ఆ చిన్న స్వరానికే నిండు అక్షరకాలం ఇవ్వాలి. చౌకకాలంలో రూపకం మూడు దెబ్బలు వేస్తూ, ఒక్కో దెబ్బని లోపల నాలుగుగా లెక్కపెట్టండి. ఇరుక్కున్నాయన్న స్వరాలు చాలావరకు అందులో సర్దుకుంటాయి. ప్రాక్టీసుకి మెట్రోనోమ్ క్వేవర్‌కి నలభై దగ్గర పెట్టి చూడండి, స్వరాలు కుదిరాక తీసేయండి. వాయించేవాళ్లు ఎవరూ గడియారంలా వెళ్లరు, భాగం మొత్తం ఎనిమిది తొమ్మిది నిమిషాల దాకా నడుస్తుంది. మెనూహిన్ పదిహేనేళ్ల వయసులో, 1931లో చేసిన రికార్డింగు దొరుకుతుంది, పిల్లకి అది వినిపించండి. ఈడు దగ్గరిది కదా, పంతం వస్తుంది.

ప్రాక్టీసు రెండో భాగం మొదటి బార్ నుంచి కాకుండా, మొదటి భాగం చివరి పంక్తులు రికార్డులో పెట్టి, ఆ బీ-ఫ్లాట్ మీద నుంచి మొదలెట్టమనండి.